పేరు ఎవరిది? స్టేషన్ ఘనపూర్ నుంచి ఒక ఫ్యాషన్ బ్రాండ్ లెక్క

మా ఊరి పేరు చెప్పగానే ఎదుటివాళ్లు అడిగేది ఒకటే: "ఏ ఘనపూర్?"

జనగామ జిల్లాలో ఒకటుంది, భూపాలపల్లి జిల్లాలో ఇంకొకటుంది. కాకతీయుల కాలం నాటి కోటగుళ్లు ఉన్నది ఆ రెండోదాంట్లో. దాన్ని ములుగు ఘనపూర్ అంటారు. మాది రైలు ఆగే ఊరు కాబట్టి స్టేషన్ ఘనపూర్. ముందు ఆ ఒక్క మాట తగిలిస్తేనే మేం ఎవరమో తెలుస్తుంది. బ్రాండ్ చేసే మొదటి పని కూడా అదే. గుంపులోంచి మిమ్మల్ని వేరు చేసి చూపిస్తుంది.

ఈ మధ్య మా దగ్గర ఈ మాట బాగా వినిపిస్తోంది. ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ తెరిచి కుర్తీలు అమ్మేవాళ్లు, వాట్సాప్ స్టేటస్‌లో చీరలు పెట్టేవాళ్లు, టీషర్టుల మీద తెలంగాణ యాస మాటలు ప్రింట్ చేయించేవాళ్లు... అందరూ అనేది "సొంత బ్రాండ్ పెట్టాలె" అనే. ముచ్చట చూడండి. ఇక్కడ పత్తి పండుతుంది, ఎనుమాముల మార్కెట్‌కు పోతుంది. నేసేవాళ్లు ఈ చుట్టుపక్కలే ఉన్నారు. కుట్టేవాళ్లు వీధికొకరున్నారు. బట్ట మెడ దగ్గర ఉండే ఆ చిన్న లేబుల్ మీద పేరు మాత్రం ఎప్పుడూ వేరే ఊరిదే.

ఆ పేరు మనదైతే ఏం మారుతుంది? దాన్ని నిలబెట్టడానికి ఏం కావాలి? దూరం పోనక్కర్లేదు. మా స్టేషన్‌లో రైలెక్కి ఇటు వరంగల్ వైపు, అటు సికింద్రాబాద్ వైపు పోతే చాలావరకు జవాబులు దొరుకుతాయి.

వరంగల్ వైపు: కుట్టేది మనం, పేరు వాళ్లది

వరంగల్‌లో ఆజంజాహి మిల్లు అంటే తాతల తరానికి ఇప్పటికీ గుర్తే. నిజాం కాలంలో, 1934లో మొదలైంది. వేల కుటుంబాలకు అన్నం పెట్టింది. 2002లో మూతపడింది. ఆ తర్వాత చాలా ఏళ్లకు, 2017లో, గీసుగొండ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగింది. 2023లో కేంద్రం ప్రకటించిన ఏడు పీఎం మిత్ర పార్కుల్లో వరంగల్ కూడా ఉంది.

అక్కడికి వచ్చిన కంపెనీల్లో రెండింటి గురించి తెలుసుకోవాలి. ఒకటి కేరళకు చెందిన కైటెక్స్. పసిపిల్లల బట్టలు కుట్టి అమెరికా దుకాణాలకు పంపుతుంది. రెండోది కొరియాకు చెందిన యంగ్‌వన్. చలిదేశాల్లో వేసుకునే జాకెట్లలాంటివి పెద్ద పెద్ద అంతర్జాతీయ బ్రాండ్ల కోసం తయారు చేస్తుంది. రెండూ పెద్ద కంపెనీలే. కానీ ఆ బట్టలు కొనేవాళ్లలో ఎక్కువమందికి వీటి పేర్లు తెలియవు. లేబుల్ మీద ఉండేది ఆర్డర్ ఇచ్చినవాళ్ల పేరు.

ఇందులో తప్పేం లేదు. నెల జీతం వస్తుంది, సరుకు మిగిలిపోతే నష్టం మనది కాదు. కానీ డిజైన్ ఏది, ధర ఎంత, వచ్చే ఏడాది ఈ ఆర్డర్ వరంగల్‌కా, బంగ్లాదేశ్‌కా, వియత్నాంకా అనేది పేరున్నవాళ్ల చేతిలో ఉంటుంది. కుట్టేవాళ్లకు కుట్టుకూలి దక్కుతుంది. పేరున్నవాళ్లకు లాభంతో పాటు ఆ నిర్ణయాధికారమూ దక్కుతుంది. దానికి బదులుగా నష్టం భయం కూడా వాళ్లదే. సొంత బ్రాండ్ పెడదామనుకునేవాళ్లు ముందు ఈ బేరాన్ని అర్థం చేసుకోవాలి.

ఆలేరు: పని ఎక్కడ ఆగుతోంది?

ఇప్పుడు సికింద్రాబాద్ వైపు రైలెక్కుదాం. జనగామ దాటాక ఆలేరు వస్తుంది. ఆ పక్కనే శారాజీపేట, చింతకింది మల్లేశం ఊరు. 2019లో 'మల్లేశం' సినిమా వచ్చాక ఆయన కథ చాలామందికి తెలిసింది.

ఈ ప్రాంతపు పట్టుచీరకు నేతకంటే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న చట్రానికి మేకులుంటాయి. వాటి చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి వేల సార్లు ఆడాలి, నాలుగైదు గంటలు పడుతుంది. ఈ పని ఇంటి ఆడవాళ్లదే. మల్లేశం వాళ్లమ్మ లక్ష్మి భుజం నొప్పితో చెయ్యలేక అవస్థ పడుతుంటే, ఆరో తరగతితో చదువు ఆపేసిన ఆ కొడుకు ఏళ్ల తరబడి కష్టపడి 1999లో యంత్రం తయారు చేశారు. దానికి లక్ష్మీ ఆసు యంత్రం అని అమ్మ పేరే పెట్టారు. ఒక చీర ఆసు గంటన్నరలో అయిపోతుంది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

దీన్ని అమ్మ ప్రేమ కథగానే చెప్పుకుంటాం. వ్యాపారం చేసేవాళ్లు ఇంకో రకంగా కూడా చదవొచ్చు. ఆ ఇంట్లో మగ్గం ఉంది, నేసే చెయ్యి ఉంది, కొనేవాళ్లూ ఉన్నారు. పని మాత్రం ఆసు దగ్గర ఆగింది. ఇంకో పది మగ్గాలు కొన్నా ఒక్క చీర ఎక్కువ వచ్చేది కాదు.

చిన్న బట్టల బ్రాండ్‌కూ ఇలాంటి ఆసు ఒకటి ఉంటుంది. కొందరికి అది కటింగ్ మాస్టర్. ఆయన రాకపోతే నలుగురు టైలర్లు ఖాళీగా కూర్చోవాల్సిందే. కొందరికి ఫొటోలు. ఇరవై పీసులు రెడీగా ఉన్నా పేజీలో పెట్టడానికి వారం పడుతుంది. కొందరికి మెసేజీలకు జవాబివ్వడం. యాడ్ మీద డబ్బు పెట్టేముందు మన పని ఎక్కడ ఆగుతోందో చూసుకోవాలి. అది సరిచేయకుండా ఆర్డర్లు పెంచితే పెరిగేవి ఫిర్యాదులే.

పోచంపల్లి: అందరి పేరు

భువనగిరి దాటి ముందుకు పోతే భూదాన్ పోచంపల్లి ఆ చుట్టుపక్కలే. 1951లో వినోబా భావే భూదానోద్యమం పుట్టిన ఊరు. ఇక్కడి ఇక్కత్‌లో నేయకముందే దారానికి అక్కడక్కడా గట్టిగా కట్లు కట్టి రంగులో ముంచుతారు. కట్టు కట్టిన చోట రంగు ఎక్కదు. ఆ దారాన్ని లెక్క తప్పకుండా నేస్తే డిజైన్ పైకి తేలుతుంది. అందుకే అంచుల దగ్గర రంగు కాస్త చెదిరినట్టు ఉంటుంది, బట్ట రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది.

మన దేశంలో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ, మొట్టమొదట అందుకున్నవాటిలో పోచంపల్లి ఇక్కత్ ఒకటి. డార్జిలింగ్ టీకి మొదటిది వచ్చిన 2004-05 నాటి మాట అది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలోనూ ఈ ఊరు చేరింది. ఒక పల్లెటూరి పేరు ప్రపంచమంతా తెలియడం కంటే పెద్ద బ్రాండ్ ఇంకేముంటుంది?

అయినా నేతన్నల ఇళ్లలో కష్టాలు తీరలేదు. కారణాలు చాలా ఉన్నాయి. ఒకటి మాత్రం మన విషయానికి నేరుగా తగులుతుంది. జీఐ కాపాడేది పేరును. ఆ డిజైన్ చూసి మిల్లు బట్ట మీద అచ్చు వేసి, "ఇక్కత్ ప్రింట్" అని నాలుగో వంతు ధరకు అమ్మేవాళ్లను ఆపడం కష్టం. ఇంకో సంగతి కూడా ఉంది. జీఐ ఏ ఒక్కరి ఆస్తీ కాదు, ఆ ప్రాంతం మొత్తానిది. ఊరికి పేరొస్తుంది సరే, ఆ చీర నేసినది ఎవరో కొన్నవాళ్లకు తెలియదు. బాగుందని మళ్లీ అదే చేతి చీర కావాలంటే ఎవర్ని అడగాలి?

కాబట్టి ఊరి పేరు మీకు తలుపు తెరుస్తుంది. లోపలికి వచ్చిన మనిషి రెండోసారి మిమ్మల్నే వెతుక్కుంటూ రావాలంటే ఊరి పేరు పక్కన మీ పేరు ఉండాలి. పోచంపల్లి బట్ట తెచ్చి కుర్తీలు కుట్టేవాళ్లు "పోచంపల్లి" అన్న మాటతో పాటు నేసినవాళ్ల పేరు కూడా, వాళ్లు ఒప్పుకుంటే, ట్యాగ్ మీద వేస్తే ఎంత బాగుంటుంది! ఖర్చు ఒక కాగితం ముక్క.

హైదరాబాద్: రెండు దారులు

రైలు సికింద్రాబాద్ చేరింది. ఈ నగరంలో పెరిగిన బ్రాండ్లలో రెండు ఒకదానికొకటి పూర్తిగా వేరు.

మొదటిది విజయ్ దేవరకొండ రౌడీ. 2017లో 'అర్జున్ రెడ్డి' విడుదలైంది. అభిమానుల్ని ఆయన రౌడీలు అని పిలవడం అలవాటుగా మారింది. 2018 జులైలో అదే పేరుతో బట్టలు మార్కెట్లోకి వచ్చాయి. వరస గమనించారా? ముందు మనుషులు, తర్వాత వాళ్లకో పేరు, ఆఖర్న టీషర్టు. మనలో చాలామంది తలకిందులుగా చేస్తాం. ముందు రెండొందల టీషర్టులు కొట్టిస్తాం, తర్వాత లోగో గీయిస్తాం, చివరికి కొనే మనుషుల కోసం వెతుకుతాం. మనం హీరోలం కాకపోవచ్చు. కానీ కాలేజీలో ఒక బ్యాచ్, ఒక డ్యాన్స్ టీమ్, ఊళ్లో టీచర్లుగా పనిచేసే నలభై మంది అక్కలు... వాళ్లకేం కావాలో మనకు తెలిస్తే మొదలుపెట్టడానికి ఆ గుంపు చాలు.

రెండోది కళామందిర్. 2005లో అమీర్‌పేటలో ఒక్క షాపుతో మొదలైంది. 2023 సెప్టెంబరులో మాతృసంస్థ సాయి సిల్క్స్ షేర్ మార్కెట్‌కు వచ్చి దాదాపు 1,200 కోట్ల రూపాయలు సేకరించింది. నాకు నచ్చింది ఆ అంకె కంటే వాళ్ల పేర్ల పద్ధతి. కళామందిర్, వరమహాలక్ష్మి సిల్క్స్, మందిర్, కేఎల్ఎం ఫ్యాషన్ మాల్ అని ఒకే సంస్థకు వేర్వేరు బోర్డులున్నాయి. పెళ్లికి కంచిపట్టు కొనేవాళ్లకు ఒకటి, తక్కువ ధరలో ఇంటిల్లిపాదికీ కొనేవాళ్లకు ఇంకొకటి. ఒకే బోర్డు కింద లక్ష రూపాయల చీర, మూడొందల టీషర్టు పెడితే రెండూ కొనేవాళ్లకు అనుమానమే వస్తుంది. చిన్నవాళ్లం నాలుగు బోర్డులు పెట్టలేం. కాబట్టి ఒక్క బోర్డు కింద ఒక్క రకమే అమ్మాలి. ఏది అమ్మమో ముందే తేల్చుకోవాలి.

799 కుర్తీ: డబ్బు ఎటు పోతుంది?

మా పిన్ని కూతురు కుర్తీలు కుట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. ఒక రాత్రి ఫోన్ చేసి అంది, "అక్కా, ఆర్డర్లైతే మస్తు వస్తున్నయ్, పైసలే కనబడ్తలేవు. ఇది బంద్ చేసి కంపెనీల కుట్టుపనికి పోనా?" జవాబు చెప్పాలంటే లెక్క వేయాలి. ఇద్దరం కూర్చుని నోట్‌బుక్‌లో రాశాం. అంకెలు సులువుగా ఉండేలా గుండుగా వేశాం. మీ అంకెలు వేరుగా ఉంటాయి, పద్ధతి ఇదే.

అమ్మకం ధర 799 అనుకుందాం. రెండున్నర మీటర్ల బట్ట మీటరు 110 చొప్పున 275. కుట్టుకూలి 120. లైనింగ్, దారం, గుండీలు, ట్యాగ్ కలిపి 30. కవర్ 10. కొరియర్ 70. మొత్తం 505. మిగిలేది 294. "మంచిగనే ఉంది కదా!" అంది.

ఇప్పుడు నెలకు వంద ఆర్డర్లు. అందులో 25 వెనక్కి వచ్చాయనుకుందాం. క్యాష్ ఆన్ డెలివరీ అంటే ఇది మామూలే. అమ్ముడుపోయిన 75 మీద 22,050 వస్తుంది. వెనక్కి వచ్చిన ప్రతి పీసుకు పోను, రాను కొరియర్, కవర్ కలిపి 150 పోతుంది, అంటే 3,750. యాడ్‌కు ఆర్డర్‌కు 100 చొప్పున 10,000. ధరలోనే కలిసి ఉన్న 5 శాతం జీఎస్టీ సుమారు 2,850. చివరికి చేతిలో మిగిలేది 5,450. నెలంతా పని చేస్తే! బట్ట మీద కట్టిన పన్ను సర్దుబాటు కొంత వచ్చినా, వెనక్కి వచ్చిన పీసుల్లో మరకపడ్డవి దాన్ని తినేస్తాయి.

అదే వంద ఆర్డర్లలో 10 మాత్రమే వెనక్కి వస్తే? 90 మీద 26,460. రిటర్న్‌లకు 1,500 పోను, యాడ్‌కు అదే 10,000 పోను, పన్ను 3,420 పోను 11,540 మిగులుతుంది. ఒక్క ఆర్డర్ కూడా పెరగలేదు, ధర పెంచలేదు, మిగులు మాత్రం రెండింతలు దాటింది.

కాబట్టి ఆమె అడగాల్సింది "ఇంకో వంద ఆర్డర్లు ఎట్ల తేవాలె" అని కాదు, "ఎందుకు తిప్పి పంపుతున్నరు" అని. మళ్లీ మెసేజీలన్నీ తిరగేస్తే రెండు కారణాలే ఎక్కువ కనిపించాయి. సైజు సరిపోలేదు, ఫొటోలో రంగు వేరేలా ఉంది. రెండింటికీ ఖర్చు లేని మందు ఉంది. ఎం, ఎల్ అని వదిలేయకుండా ఛాతీ, నడుము, పొడవు అంగుళాల్లో రాయాలి. ఫిల్టర్ లేకుండా పగటి వెలుతురులో ఒక ఫొటో, ఒక వీడియో పెట్టాలి. కొరియర్‌కు ఇచ్చేముందు ఒక ఫోన్ కొట్టి "అమ్మా, ఇంట్లో ఉంటరా?" అని అడగాలి.

ఇంకో లెక్క కూడా ఉంది. ఒకసారి కొన్నామె మళ్లీ కొంటే యాడ్ ఖర్చు లేదు. వందలో ముప్పై ఆర్డర్లు పాతవాళ్లవే అయితే నెలకు మూడు వేలు మిగిలినట్టే. బ్రాండ్ విలువ అంటే అదే. ఫాలోవర్లు ఎంతమందో కాదు, పిలవకుండా తిరిగొచ్చేవాళ్లు ఎంతమందో చూసుకోవాలి.

ఆమెకు నేను చెప్పింది ఇది: మూడు నెలలు ఇలా చేసి చూడు. రిటర్న్‌లు పదిహేనుకు దిగకపోతే, పాతవాళ్లు తిరిగి రాకపోతే, కంపెనీ పనికి పో, అదేం ఓటమి కాదు. అక్కడ లైన్‌లో ఒక్క చొక్కా ఎన్ని చేతులు మారుతుందో, కొలత తప్పితే ఎట్ల పట్టుకుంటారో నేర్చుకునే చదువు జీతంతో వస్తుంది.

పేరు రాయించుకున్నారా?

బ్రాండ్ అంటూ ఏళ్లు కష్టపడి, పేరును రిజిస్టర్ చేయించనివాళ్లు చాలామంది. ఇన్‌స్టాగ్రామ్ ఐడీ మీదైనంత మాత్రాన పేరు మీది కాదు. బట్టలు ట్రేడ్‌మార్క్‌లో 25వ తరగతి కిందికి వస్తాయి. వ్యక్తులు, చిన్న సంస్థలు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఒక తరగతికి ప్రభుత్వ ఫీజు 4,500. రిజిస్ట్రేషన్ పదేళ్లు ఉంటుంది, మళ్లీ పొడిగించుకోవచ్చు. అదే పేరు ఇంకెవరైనా పెట్టుకున్నారేమో ఆ వెబ్‌సైట్‌లోనే ఉచితంగా వెతకొచ్చు. లోగోకు డబ్బు ఇచ్చేముందు చేయాల్సిన పని అది.

పేరు ఎలాంటిదన్నదీ ముఖ్యమే. "ఘనపూర్ కాటన్స్", "బెస్ట్ కుర్తీస్" లాంటివి రిజిస్టర్ కావడం కష్టం. ఊరి పేరు, సరుకు పేరు అందరివీ కాబట్టి ఒక్కరికే రాసివ్వరు. బట్టలతో సంబంధం లేని మాట, కొత్తగా కల్పించిన మాట అయితే మేలు. దరఖాస్తు పెట్టాక టీఎం అని వేసుకోవచ్చు. వృత్తంలో ఆర్ గుర్తు మాత్రం రిజిస్ట్రేషన్ వచ్చాకే వేయాలి, ముందే వేస్తే నేరం. మొదటి రోజు నుంచీ బిల్లులు, పోస్టులు తేదీలతో దాచుకోండి. రేపు ఎవరైనా "ఆ పేరు మాది" అంటే ముందు నుంచీ వాడుతున్నది మీరేనని చూపించేది అవే.

పన్ను సంగతి కూడా ఒక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల వరకు ఉన్న బట్టల మీద జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. 2,600కు ఒక లెహంగా పెడదామనుకునేవాళ్లు ఆ గీత ఎక్కడుందో చూసుకోవాలి. పెద్ద ఆన్‌లైన్ వేదికల్లో రాష్ట్రం దాటి అమ్మాలంటే జీఎస్టీ నంబర్ ఉండాల్సిందే.

ఎంత పెరగాలి?

బతుకమ్మ, దసరా, పెళ్లిళ్ల సీజన్... బట్టల వ్యాపారంలో ఇవే పంటకాలాలు. వీటికి రెండు నెలల ముందే జనరల్ బజార్‌లోనో బేగంబజార్‌లోనో బట్ట కొనాలి. డబ్బు ముందే పోతుంది, వెనక్కి రావడం ఆలస్యమవుతుంది. అమ్మకాలు బాగున్నా చేతిలో నగదు లేక ఆగిపోయే బ్రాండ్లు ఇక్కడే ఆగిపోతాయి. ముద్ర లోన్‌లో శిశు విభాగం కింద 50 వేల దాకా ఇస్తారు. కానీ అప్పు తెచ్చిన డబ్బుతో కొత్త డిజైన్లు పదిహేను కుట్టించడం కంటే, ఇప్పటికే అమ్ముడైన మూడింటిని అన్ని సైజుల్లో పెట్టడం క్షేమం. మిగిలిపోయేవి ఎప్పుడూ చిట్టచివరి సైజులే. కాబట్టి ఎం, ఎల్ రెండేసి కుట్టిస్తే, ఎస్, ఎక్స్ఎల్ ఒక్కొక్కటి చాలు.

ఇక అన్నిటికంటే కష్టమైనది, పెరిగాక కూడా మొదటి పీసులా ఉండడం. ఇరవై కుర్తీలప్పుడు ప్రతి కుట్టూ మీరే చూస్తారు. రెండొందలప్పుడు ఇంకెవరో చూస్తారు. అప్పుడు కుట్టు ఎంత దగ్గరగా ఉండాలి, రంగు వదులుతుందో లేదో ఎలా ఉతికి చూడాలి, ఏ పీసు పక్కన పెట్టాలి అనేవి కాగితం మీద రాసి మిషన్ల ఎదురుగా గోడకు అంటించాలి. టైలర్లకు పీసు రేటు ఒకటే ఇచ్చి పండగ ముందు తొందరపెడితే కుట్టు వదులవుతుంది. దాని ఫలితం ఆ నెల కనపడదు, మూడు నెలల తర్వాత పాతవాళ్లు తిరిగి రానప్పుడు తెలుస్తుంది.

మా ఘనపూర్‌లోనో, మీ ఊళ్లోనో ఎవరో ఒకరు ఈ రాత్రి కూడా పేజీకి పేరు ఆలోచిస్తూ ఉంటారు. వాళ్లకు నాదొక చిన్న సలహా. పేరు ఖాయం చేసేముందు నలభై పీసులు కుట్టి, తెలిసినవాళ్లకు కాకుండా తెలియనివాళ్లకు అమ్మండి. రెండు నెలలు ఆగండి. ఆ నలభై మందిలో ఎంతమంది తమంతట తాము "ఇంకేమున్నయ్?" అని మెసేజ్ పెట్టారో లెక్కపెట్టండి. పది మంది పెడితే 4,500 కట్టి ఆ పేరు రాయించుకోండి. ఇద్దరే పెడితే లోగో మార్చకండి, కుర్తీ మార్చండి.